టైటిళ్ళలో లేని పేరు

ఇంగ్లీషు బొమ్మలంటే నాకున్న పిచ్చి మా యింట్లో అందరికీ లోకువే. “తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి హాలీవుడ్‌తో ఏం పనండీ?” అని మా ఆవిడ దెప్పుతూనే వుంటుంది. ఏం పనో చెప్పలేను గాని, ఆ పిచ్చి పట్టిన రాత్రి మాత్రం నాకు బాగా జ్ఞాపకం.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజులవి. టీవీలో రాత్రి బాగా పొద్దుపోయాక పాత ఇంగ్లీషు చిత్రాలు వేసేవారు. ఇంట్లో వాళ్ళు లేస్తారని మా నాన్నగారు శబ్దం బాగా తగ్గించి చూసేవారు. సంభాషణ సగం వినబడదు. వినబడ్డ సగం నాకు అర్థం కాదు. అయినా ఆ రాత్రి ‘రోమన్ హాలిడే’ పూర్తయ్యేదాకా నేను చాప మీంచి కదల్లేదు.

కథ చిన్నదే. దేశదేశాలూ తిరుగుతున్న ఒక రాకుమారి ఆ మర్యాదలతో ప్రాణం విసిగి, రోములో రాత్రివేళ రాయబార కార్యాలయం నుంచి పారిపోతుంది. ఒక అమెరికన్ విలేఖరి కంట పడుతుంది. తానెవరో ఆమె చెప్పదు, మారుపేరు చెబుతుంది. తాను విలేఖరినని అతనూ చెప్పడు. ఇద్దరూ స్కూటరెక్కి వూరంతా తిరుగుతారు. రహస్యంగా తీయించిన ఫోటోలతో సహా ఆమె కథ అచ్చయితే అతని అప్పులన్నీ తీరిపోతాయి. కాని తెల్లవారేసరికి అతనికి ఆ కథ అమ్మడానికి మనసొప్పదు.

1953లో విలియం వైలర్ తీసిన చిత్రం. రాకుమారి ఆడ్రీ హెప్‌బర్న్, విలేఖరి గ్రెగరీ పెక్. హెప్‌బర్న్ అప్పటికి హాలీవుడ్‌కి కొత్త. 1951లో లండన్‌లో ఆమెను పరీక్షించినప్పుడు “ఇక చాలు” అన్న తర్వాత కూడా కెమేరా ఆపలేదట. ఆమె మంచం మీద లేచి కూర్చుని, హాయిగా నవ్వుతూ మాట్లాడింది. ఆ నవ్వే ఆమెకు వేషం తెచ్చిపెట్టింది. ‘సత్యముఖం’ అనే రాతిబొమ్మ నోట్లో పెక్ చెయ్యి పెట్టి, చెయ్యి తెగిపోయినట్టు నటిస్తాడు చూడండి, అక్కడ అతను చెయ్యి చొక్కా చేతిలో దాచుకుంటాడని ఆమెకు ముందు చెప్పలేదు. ఆ కేక నిజమైన కేక!

షూటింగు సాగుతుండగానే పెక్ ఒక సంగతి గ్రహించాడు. ఈ పిల్ల పేరు కూడా తన పేరుతోపాటు చిత్రం పేరుకు పైన వేయాలని పట్టుబట్టాడు. ఆ స్థాయి నటుడు ఒక కొత్త పిల్ల కోసం అలా అడగడం చిన్న విషయం కాదు. అలాగే వేశారు. 1954లో ఆమెకు ఉత్తమ నటిగా ఆస్కారు వచ్చింది.

ఈ ముచ్చట నేను చాలామందికి చెప్పి మురిసిపోయాను. అవే టైటిళ్ళలో ఒక పేరు లేదన్న సంగతి ఎన్నో యేళ్ళ తర్వాతగాని నాకు తెలియలేదు.

ఆ కథ రాసినవాడు డాల్టన్ ట్రంబో. 1947లో అమెరికా ప్రతినిధుల సభ సంఘమొకటి హాలీవుడ్‌లో కమ్యూనిస్టుల ఆరా తీయబోయింది. “నువ్వు కమ్యూనిస్టువా? నీ తోటివాళ్ళెవరు? పేర్లు చెప్పు” అని వరుసగా అందరినీ అడిగింది. బదులివ్వనన్న పదిమందిలో ట్రంబో ఒకడు. స్టూడియోలు అతన్ని వెలివేశాయి. 1950లో జైలుకు వెళ్ళాడు. బతకాలి, పిల్లల్ని పోషించాలి. అందుచేత మిత్రుడు ఇయాన్ మెక్లెలన్ హంటర్ తన పేరు అరువిచ్చాడు. కథకు వచ్చిన ఆస్కారు హంటర్ పేరనే వచ్చింది. పాపం, ఆ హంటర్‌నీ తర్వాత వెలివేశారు.

1960లో ‘స్పార్టకస్’, ‘ఎక్సోడస్’ చిత్రాలతో ట్రంబో పేరు మళ్ళీ తెరకెక్కింది. ‘రోమన్ హాలిడే’ మాత్రం అతనిదని అనిపించుకోకుండానే 1976లో పోయాడు. 1993లో ఆ ఆస్కారు అతని భార్యకు అందజేశారు. 2011లో రచయితల సంఘం స్క్రీన్‌ప్లేలో కూడా అతని పేరు చేర్చింది.

ఇది తెలిశాక కొన్నాళ్ళపాటు నాకు ఆ చిత్రం చూడబుద్ధి కాలేదు. అంత చల్లని నవ్వు వెనక ఇంత అన్యాయం వుందా అనిపించింది. ఒకరి పేరు పైకెత్తిన పెద్దమనసును చూసి ముచ్చటపడ్డ నేను, పక్కనే మరొకరి పేరు మాయమైనందుకు ఏమనాలి?

మొన్న ఆదివారం మా అమ్మాయి అడిగితే మళ్ళీ పెట్టాను. ఇది తర్వాత సరిచేసిన ప్రతి. టైటిళ్ళలో ట్రంబో పేరు కనిపించింది. చివర విలేఖరి ఒంటరిగా ఆ పెద్ద హాల్లోంచి నడిచి వెళ్ళిపోతూంటే మా అమ్మాయి అడిగింది:

“అంత మంచి వార్త చేతిలో వుంచుకుని ఎందుకు రాయలేదు నాన్నా?”

“రాస్తే ఆ పిల్ల పేరు బయటపడుతుంది గదమ్మా” అన్నాను.

అనేసిన తర్వాత ఒక్క క్షణం నాకే నోట మాట రాలేదు. పేర్లు చెప్పమని ప్రభుత్వం గద్దించినప్పుడు చెప్పనన్నవాడు రాసిన కథ ఇది! నమ్మినదాని పేరు అమ్ముకోని మనిషి కథ. అది తలచుకునే రాశాడని నేననను. అతని మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది? కాని సంతకం లేకపోయినా ఆ కథలో చెయ్యి ఎవరిదో నాకు తెలిసిపోయినట్టనిపించింది.

“మళ్ళీ మొదట్నించీ వెయ్యి నాన్నా, ఆ పేరు చూడలేదు నేను” అంది మా అమ్మాయి.

వేశాను. ఈసారి మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. శబ్దం తగ్గించలేదు.