మగవాడి పేరు తర్వాత అడుగుదాం

ఆసుపత్రిలో స్కానింగ్ గది బయట కూర్చున్నాను. చీటీ రాసే ఆమె తలెత్తకుండానే "భర్త పేరు?" అంది. ఎదురుగా ఉన్న తల్లికి నోట మాట రాలేదు. వెనక నిలబడ్డ పిల్లది ఇంటర్ చదివే వయసు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. "మిమ్మల్నేనమ్మా, భర్త పేరు చెప్పండి" అని మళ్లీ గట్టిగా అడిగింది. వరుసలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. తల్లీకూతుళ్లు చీటీ తీసుకోకుండానే బయటికి నడిచారు.

ఇంట్లోనూ అంతే. గర్భం సంగతి బయటపడగానే "ఎవడు వాడు?" అంటారు. అక్కడా ఇక్కడా ముందు కావలసింది ఒక మగవాడి పేరే. ఎన్నాళ్లుగా నిద్ర లేదో, కడుపు నిండా తిని ఎన్ని రోజులైందో ఆ పిల్లను అడిగే నాథుడు ఉండడు.

అందుకే దాచుకుంటుంది. అమ్మకు అనుమానం రాకుండా ప్రతి నెలా ప్యాడ్లు కొని పారేస్తుంది. వాంతి చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పుతుంది. ఆ భయాన్ని తట్టుకోవడానికి తనకు తెలిసిన దారి అదొక్కటే. కానీ దాచిన ప్రతి వారమూ చేజారిన వారమే. గర్భస్రావానికి 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ మైనర్లకు 24 వారాల దాకా వీలిచ్చింది, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. అది దాటితే చాలామందికి కోర్టు మెట్లే గతి.

18 ఏళ్లు నిండకపోతే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పోక్సో భయం కూడా తోడవుతుంది. డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. ఊరంతా తెలుస్తుందని పెద్దాసుపత్రి గడప తొక్కరు, మందుల షాపులో మాత్రలు కొని మింగిస్తారు. రక్తం ఆగకపోతే అప్పుడు పరుగెత్తుతారు. నిజానికి పిల్లా, ఆమె సంరక్షకులూ కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, ఆనవాళ్లు చెప్పనక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లికాని ఆడవాళ్లకూ 24 వారాల హక్కు ఉందన్నదీ ఆ తీర్పే. ఈ రెండు ముక్కలూ ప్రతి ఓపీ గోడ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలి. ఆ చీటీలో భర్త పేరు గడి కొట్టేయాలి. పిల్లల సహాయవాణి 1098కి పిల్లే స్వయంగా ఫోన్ చేయవచ్చని బడిలోనే చెప్పాలి.

ఆ రోజు మెట్ల దగ్గర తల్లి ఆగింది. ఏదో అనబోయి, అనలేదు. పిల్ల భుజానున్న సంచి తీసి తన భుజాన వేసుకుంది.