వేడి చేసిందట!

పిల్లాడి పిరుదుల మీద, పిక్కల మీద ఊదారంగు మచ్చలు. తడిమితే చేతికి తగులుతాయి, నొక్కితే పోవు. పదిరోజుల కిందటే గొంతునొప్పి వచ్చి తగ్గింది. ఇక అమ్మమ్మ నుంచి మందుల షాపు కుర్రాడి దాకా అందరిదీ ఒకటే తీర్పు: వేడి చేసింది! సబ్జా గింజలు, వేపాకు స్నానం, ఒక స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ట్యూబు. వీళ్లకు ఎవరిచ్చారండీ ఈ అధికారం?

అది పైపూతతో పోయే చర్మరోగం కాదు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడాల్సిన ఐజీఏ యాంటీబాడీలు సన్నని రక్తనాళాల గోడల్లో పేరుకుపోయి, వాటిని వాచేలా చేస్తే, రక్తం చర్మంలోకి కారుతోంది. 1837లోనే జర్మన్ వైద్యుడు షోన్‌లైన్ ఈ మచ్చలకూ కీళ్లనొప్పులకూ లంకె పెట్టాడు. కడుపునొప్పిని ఆయన శిష్యుడు హెనోక్ జతచేశాడు. ఇద్దరి పేర్లూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. మన వీధి వైద్యానికే ఇంకా చేరలేదు.

పోనీ, ఆస్పత్రికి తీసుకెళ్లారనుకుందాం. డెంగీ పుణ్యమా అని మనకు వంటబట్టింది ఒక్క ప్లేట్‌లెట్ల లెక్కే. ఈ జబ్బులో అవి మామూలుగానే ఉంటాయి! "కౌంట్ బాగుంది, ఇంటికెళ్లండి" అనగానే అందరికీ ప్రాణం లేచొస్తుంది. మూత్రం ఎవరు చూశారు? బీపీ ఎవరు చూశారు? దాదాపు మూడోవంతు పిల్లల్లో కిడ్నీల మీదా దీని దెబ్బ పడుతుంది. అది నొప్పి పెట్టదు, కంటికి కనబడదు. మూత్రంలో రక్తం, ప్రోటీన్ పోతుంటే పరీక్షలోనే తెలియాలి. అంత చవకైన పరీక్ష రాయడానికి కలం ఎందుకు కదలదు?

చాలామంది పిల్లలకు నాలుగైదు వారాల్లో తగ్గిపోతుంది, నిజమే. నాకు ఒళ్లు మండేదీ అక్కడే. తనంతట తాను తగ్గిన ప్రతి జబ్బూ సబ్జా గింజల ఖాతాలోకి, ఆ ట్యూబు ఖాతాలోకి వెళ్తుంది. తగ్గని పిల్లాడి సంగతి మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు.

మచ్చలు నొక్కినా పోకుండా, జ్వరంతో పిల్లాడు మగతగా ఉంటే అది వేరే, ఇంకా ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి. మిగతావాళ్లకు, మచ్చలు మాయమైనా సరే, ఆరునెలల దాకా మూత్రపరీక్ష, బీపీ ఏ తేదీన చేయించాలో చీటీ మీద ఉండాలి. డాక్టరుగారూ, అది రాయకుండా ఫీజు దేనికి పుచ్చుకున్నట్టు?