రంగుల కన్నా ముందు పిట్టగోడ

సొంత ఇల్లు అనేది మధ్యతరగతి కుటుంబానికి ఏళ్ల తరబడి చేసిన ప్రార్థన. అద్దె ఇళ్లలో సర్దుకుని, రూపాయి రూపాయి కూడబెట్టి, చాలని చోట బ్యాంకు రుణం తీసుకుని, చివరికి ఒక గడపను తమదని చెప్పుకునే రోజు వస్తుంది. ఆ రోజున పాస్టరుగారు రిబ్బను కత్తిరించి, గది గదికీ వెళ్లి ప్రార్థిస్తారు. సంఘమంతా చేరి స్తుతిగీతాలు పాడుతుంది. గుమ్మం మీద వాక్యం చెక్కిన పాలరాతి పలక, హాల్లో ఈ ఇంటికి క్రీస్తే యజమాని అని తెలిపే మరో పలక వెలుస్తాయి. భోజనాలయ్యాక అందరూ దీవించి వెళ్లిపోతారు. గృహప్రతిష్ఠ ముగిసిందనుకుంటాం. కానీ ఆ ఇంట్లో అసలు కాపురం మర్నాడే మొదలవుతుంది.

మర్నాడు కొత్త ఇల్లు ఒక్కొక్కటిగా తన సంగతులు బయటపెడుతుంది. బాత్‌రూమ్‌లో పోసిన నీళ్లు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు వస్తాయి. తొలి వానకు తలుపు ఉబ్బి గడియ పడదు. వంటింటి కుళాయి కింద చుక్క ఆగదు. కిటికీ మూలన సన్నని బీట కనిపిస్తుంది. ఇంత ఖర్చు పెట్టాక కూడా ఇదేమిటని మనసు చివుక్కుమంటుంది. ఇంతలో చుట్టాలు వస్తున్నారన్న తొందరలో బీట మీద రంగు వేయిస్తాం, చెమ్మ మరకకు అడ్డంగా ఒక ఫొటో తగిలిస్తాం. కర్టెన్లు, సోఫా, షోకేసు వచ్చేశాక లోపం సంగతి మరచిపోతాం. ఇల్లు మాత్రం మరచిపోదు.

కొత్త ఇంటి గురించి పరిశుద్ధ గ్రంథం ఏమంటోంది? ముందుగా, ఆ ఆనందాన్ని దేవుడు చిన్నచూపు చూడలేదు. కొత్త ఇల్లు కట్టుకుని ఇంకా ప్రతిష్ఠించుకోని వాడు యుద్ధానికి రానక్కరలేదని, ఇంటికి తిరిగి వెళ్లవచ్చని ఇశ్రాయేలు సైన్యంలో ప్రకటించాలని ద్వితీయోపదేశకాండం 20:5 ఆదేశిస్తుంది. శత్రువు ఎదురుగా ఉన్న సమయంలో కూడా ఒక సామాన్యుడి గృహప్రవేశానికి దేవుడు ఇచ్చిన విలువ అది. కాబట్టి కొత్త ఇంటిని చూసి సంతోషించడం లోకాశ కాదు.

అయితే అదే గ్రంథంలో రెండు అధ్యాయాల తర్వాత మరో ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టినవాడు దాని కప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి. ఎవరైనా పైనుంచి పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది (ద్వితీ. 22:8). ఆ రోజుల్లో ఇళ్ల కప్పులు చదునుగా ఉండేవి. జీవితంలో సగం వాటి మీదే గడిచేది. రాహాబు జనుపకట్టెలు ఆరవేసింది మిద్దె మీదే. సమూయేలు సౌలుతో మాట్లాడింది మిద్దె మీదే. పేతురు మధ్యాహ్నం ప్రార్థనకు ఎక్కింది కూడా మిద్దె మీదికే. షోమ్రోనులో అహజ్యా రాజు తన మేడగది కిటికీ జాలకంలోంచి కింద పడి మంచం పట్టాడని, ఆ మంచం మీదినుంచి మళ్లీ లేవలేదని రెండో రాజుల గ్రంథం మొదటి అధ్యాయం చెబుతుంది. రాజభవనానికైనా అడ్డు సరిగా లేకపోతే అంతే.

గోడలకు ఏ రంగు వేయాలి, ఏ సామాను కొనాలి అనేది దేవుడు మన ఇష్టానికే వదిలేశాడు. పిట్టగోడను మాత్రం ఆజ్ఞగా ఇచ్చాడు. ఎందుకంటే అది ఇంటివారి అందానికి సంబంధించినది కాదు, ఆ ఇంటికి వచ్చిపోయే వారి ప్రాణానికి సంబంధించినది. ఈనాడు మన ఇళ్లలో ఆ పిట్టగోడ ఎన్నో రూపాల్లో ఉంటుంది. సంపుకు గట్టి మూత, ఆ మూతకు తాళం. మెట్లకు రెయిలింగు. పిల్లవాడి తల దూరనంత దగ్గరగా వేసిన బాల్కనీ ఊచలు. సరైన ఎర్తింగు, కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే పరికరం. వృద్ధులైన అమ్మానాన్నల కోసం జారని టైల్సు, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి ఒక కడ్డీ. చూడవచ్చిన వారెవరూ వీటిని మెచ్చుకోరు, ఫొటో తీసుకోరు. కానీ పొరుగువారిని ప్రేమించమన్న ఆజ్ఞ సిమెంటులో, ఇనుములో కనిపించేది ఇక్కడే. గుమ్మం ఏ దిక్కున ఉందోనని విశ్వాసులు కూడా లోలోపల దిగులు పడుతుంటారు. ఆ దిగులులో సగమైనా సంపు మూత మీద పెడితే ఎన్ని ఇళ్లలో ఏడుపు తప్పేదో!

ఇక దాచిపెట్టిన లోపాల సంగతి. లేవీయకాండం 14వ అధ్యాయాన్ని మనం తరచుగా తిప్పేస్తాం. ఇశ్రాయేలీయులు అప్పటికి గుడారాల్లో ఉన్నారు. అయినా ముందు ముందు కనానులో వారు ఉండబోయే ఇళ్ల గోడల గురించి దేవుడు అందులో చెప్పాడు. గోడ మీద పచ్చగానో ఎర్రగానో పల్లపు చారలు కనిపిస్తే ఇంటి యజమాని తానే యాజకుడి దగ్గరికి వెళ్లి తెలియజేయాలి. యాజకుడు రాకముందే సామాను బయట పెట్టించాలి, లేకపోతే అది కూడా అపవిత్రమని ఎంచవలసి వస్తుంది. పరీక్షించాక ఏడు రోజులు ఇల్లు మూసి ఉంచాలి. మచ్చ వ్యాపిస్తే ఆ రాళ్లను ఊడదీసి ఊరి బయట పారవేయాలి, లోపలి గోడలన్నీ గీకించాలి, వేరే రాళ్లు పెట్టి కొత్త అడుసు పూయాలి. అప్పటికీ మచ్చ తిరిగి వస్తే ఇల్లే పడగొట్టాలి. తెలుగు బైబిలు దీన్ని కుష్ఠుపొడ అంటుంది. ఇది చెమ్మ గోడకు పట్టే బూజు వంటిదని నేటి వ్యాఖ్యాతలు చాలామంది అంటారు.

ఈ వరుసను ఒకసారి గమనించండి. చెప్పుకోవడం, పరీక్ష, ఎదురుచూడడం, చెడిన దాన్ని తీసివేయడం, ఆ తర్వాతే కొత్త పూత. మచ్చ మీద నేరుగా సున్నం కొట్టమని ఎక్కడా లేదు. అనుభవం ఉన్న మేస్త్రీని అడిగినా ఇదే చెబుతాడు. చెమ్మ కనబడితే నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు పట్టుకోవాలి. అది డాబా నుంచి రావచ్చు, బాత్‌రూమ్‌ గొట్టాల అతుకుల నుంచి రావచ్చు, పునాది దగ్గరి తడి గోడ ఎక్కి రావచ్చు. అది ఆగకుండా ఎంత ఖరీదైన రంగు వేసినా తర్వాతి వానకు పొక్కులు లేస్తుంది. బాత్‌రూమ్‌ నేల మీద జాలీ మూసి 24 గంటలు నీరు నిలిపి, కింది కప్పును, పక్క గోడలను చూస్తే చాలావరకు గుట్టు బయటపడుతుంది.

బీటలన్నీ ఒకటి కావు. కొత్త సిమెంటు పూత ఆరేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది, అందువల్ల వెంట్రుకంత బీటలు రావడం మామూలే. కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసే చోట కూడా గీత పడుతుంది. వీటిని నింపి, పట్టీ వేసి, ఆరాక రంగు వేయవచ్చు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట, రోజురోజుకూ వెడల్పయ్యే బీట అలాంటివి కావు. అనుమానం ఉంటే బీట రెండు చివరలా పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాయండి. కొన్ని వారాల్లో అది గీత దాటితే ఇంజనీరును పిలవండి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో కట్టిన ఎన్నో ఇళ్లకు ఈ సంగతి తెలుసు. అలాంటి చోట బీట గోడది కాదు, పునాదిది. బండ మీద ఇల్లు కట్టినవాడి ఉపమానాన్ని చెబుతూ లూకా ఒక్కడే అతడు లోతుగా తవ్వాడని రాశాడు (6:48). లోతు ఎవరికీ కనబడదు, వరద వచ్చిన రోజు తప్ప.

కుటుంబాల సంగతి కూడా ఇంతే. ఇల్లు కట్టే ఏడాది రెండేళ్లలో భార్యాభర్తల మధ్య ఎన్ని బీటలు పడతాయో కట్టిన వారికి తెలుసు. భార్యకు చెప్పకుండా తెచ్చిన వడ్డీ అప్పు, భర్తకు తెలియకుండా తాకట్టుకు వెళ్లిన నగలు, స్థలం పంపకంలో అన్నదమ్ముల మధ్య ఆగిపోయిన మాటలు. ఇవన్నీ సామానుతో పాటు కొత్త ఇంట్లోకి వస్తాయి. ప్రతిష్ఠ ఆరాధనలో నవ్వుతూ ఫొటోలు దిగితే అవి పోవు. లేవీయకాండంలో ఇంటి యజమాని తానే వెళ్లి తన గోడ మీది మచ్చను చెప్పుకున్నట్లు, దేవుని ముందు, ఇంటివారి ముందు ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవాలి. ప్రతిష్ఠ దినాన పాస్టరుగారు గది గదిలో ప్రార్థిస్తున్నప్పుడు ఏ గదిలో ఏ బీట ఉందో మనకు తెలుసు. ఆయనకు తెలియకపోవచ్చు, ప్రభువుకు తెలుసు.

లోపాన్ని సరిచేయించుకునే హక్కు కూడా మనకుంది. రెరాగా పిలిచే స్థిరాస్తి చట్టం 2016లో వచ్చింది. దాని 14వ సెక్షన్‌ ప్రకారం, ఇల్లు అప్పగించిన నాటి నుంచి అయిదేళ్ల లోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం కనిపించి తెలియజేస్తే, నిర్మాణదారు 30 రోజుల్లో అదనపు సొమ్ము అడగకుండా సరిచేయాలి. కాబట్టి లోపాలను ఫొటోలతో సహా రాతపూర్వకంగా తెలియజేయండి. అయితే ముందుగా ఒంటరిగా వెళ్లి మాట్లాడమన్న మత్తయి 18వ అధ్యాయపు పద్ధతి బిల్డరు విషయంలోనూ మంచిదే. హక్కు అడగడం వేరు, నోరు పారేసుకోవడం వేరు. ఇక ఇళ్లు కట్టి అమ్మే విశ్వాసులు మన సంఘాల్లోనూ ఉన్నారు. వారి సాక్ష్యం ఆదివారం వేదిక మీద కన్నా వారు కట్టిన డాబా మీద తొలి వానకు తేలుతుంది.

అదే సమయంలో మన లెక్క కూడా సరిగా ఉండాలి. యిర్మీయా 22వ అధ్యాయంలో యెహోయాకీము రాజు విశాలమైన ఇల్లు కట్టుకున్నాడు. పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, గోడలకు ఇంగిలీకపు ఎర్ర రంగు. నేటి మాటలో ఇంటీరియర్‌ అదిరిపోయింది. కానీ పని చేసినవారికి కూలి ఇవ్వలేదు. దేవుడు ఆ ఇంటికి శ్రమ అన్నాడు. అతని తండ్రి యోషీయా కూడా అన్నపానాలు అనుభవించినవాడే, కానీ న్యాయం తప్పలేదని, దీనుల పక్షాన నిలిచాడని ప్రవక్త గుర్తుచేశాడు. తాపీ మేస్త్రీకి, టైల్సు వేసినవాడికి, పెయింటరుకు, ఇసుక మోసిన ఆడకూతురికి ఇంకా ఎంత బాకీ ఉన్నామో ఒక కాగితం మీద రాసుకుందాం. లోపం సరిచేసేదాకా కొంత సొమ్ము ఆపుతామని ముందే అనుకుని ఉంటే తప్పులేదు. పని పూర్తయ్యాక కూడా రేపు రమ్మని తిప్పుకుంటూ ఆ డబ్బుతో కర్టెన్లు కొనడం మాత్రం యెహోయాకీము పనే. పైగా ఆ ఇంటి ప్రతి ఇటుకా ఎత్తి పెట్టిన వారిలో ఎంతమందిని ప్రతిష్ఠ భోజనానికి పిలిచాం? తిరిగి పిలవలేని వారిని విందుకు పిలవమని ప్రభువు చెప్పిన మాట (లూకా 14) ఆ ఆహ్వాన పత్రికల జాబితా రాసేటప్పుడు గుర్తుకు రావాలి.

ఇవన్నీ అయ్యాక అలంకరణ. అలంకరణ పాపం కాదు. కానీ దానికి ఒక హద్దు, ఒక ఉద్దేశం కావాలి. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త యెరూషలేము ప్రజలను ఒక ప్రశ్న అడిగాడు. దేవుని మందిరం పాడుపడి ఉండగా మీరు సరంబీ వేసిన ఇళ్లలో ఉండడం సబబేనా అన్నది దాని సారాంశం. సరంబీ అంటే పలకలతో తీర్చిన లోకప్పు, నేటి ఫాల్స్‌ సీలింగు వంటిదన్నమాట. ఈ మాట విని ఇల్లు వదిలేయనక్కరలేదు. మన కప్పు కోసం పెట్టిన ఖర్చులో కప్పే లేనివారి కోసం ఎంత తీశామని అడుగుకుంటే చాలు.

షూనేములోని ఘనురాలు మంచి ఉదాహరణ. ఎలీషా కోసం ఆమె మేడ మీద ఒక చిన్న గది కట్టించింది. అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం పెట్టించింది (2 రాజులు 4:10). నాలుగంటే నాలుగే వస్తువులు. కానీ ప్రతి వస్తువూ వచ్చేవాడి అవసరాన్ని తలచుకుని పెట్టినదే. మన ఇంట్లో సామాను సర్దేటప్పుడు కూడా అదే ప్రశ్న వేసుకోవచ్చు. ఊరి నుంచి ఆసుపత్రి పని మీద వచ్చిన బంధువు ఎక్కడ పడుకుంటాడు? కుటుంబమంతా కింద కూర్చుని ప్రార్థించుకునే చోటు ఏది? పనిమనిషి ఇంటికి వస్తే కూర్చోవడానికి ఆమెకు ఒక కుర్చీ ఉందా? హాల్లో పెద్ద గోడ మొత్తం టీవీకే ఇచ్చేస్తే బైబిలు తెరిచే చోటు ఎక్కడ?

ప్రభువు చెప్పిన ఒక చిన్న ఉపమానంతో ముగిద్దాం. ఒక ఇంటి నుంచి అపవిత్రాత్మ వెళ్లిపోయింది. తిరిగి వచ్చి చూస్తే ఆ ఇల్లు శుభ్రంగా ఊడ్చి, చక్కగా అమర్చి ఉంది. కానీ ఖాళీగా ఉంది. అందుకే అది మరో ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చింది (మత్తయి 12). ఆ ఇంటికి శుభ్రత కొదవ కాదు, అలంకరణ కొదవ కాదు. అందులో ఉండవలసినవాడు లేడు. అంతే.

ఈ నెలలో కొత్త గడపలోకి అడుగుపెడుతున్న కుటుంబాలారా! మీ ఆనందం దేవునికి ఇష్టమైనది. డాబా ఎక్కి పిట్టగోడ చూడండి. సంపు మూత చూడండి. గోడ మీది మచ్చను కప్పకుండా దాని మూలం వెదకండి. కూలీల బాకీ తీర్చండి. ఇంట్లో ఎవరితో మాట ఆగిపోయిందో వారితో ఈ రాత్రే మాట్లాడండి. ఆ తర్వాత మీకు నచ్చిన రంగు వేసుకోండి. గుమ్మం మీది పలక మీద చెక్కించిన వాక్యాన్ని లోపల ఉండే మనుషుల్లో ఇరుగుపొరుగు చదవగలిగేలా ప్రభువు మీ ఇంటిని దీవించును గాక.