పేరున్న రాయి, పదునిచ్చు రాయి

క్షౌరమునకు మడత కత్తిని వాడువారు ప్రపంచమున నేటికిని కొందరున్నారు. వాడి పారవేయు బ్లేడులు ప్రతి అంగడిలోను దొరకు ఈ దినములలో కూడ వారు కత్తిని తామే నూరుకొని, తోలుపట్టె మీద తీసికొని, గడ్డము గీసికొందురు. వారి మధ్య ఎన్నటికిని తెగని వాదమొకటి కలదు. కత్తికి కడపటి పదును పెట్టుటకు ఏ రాయి శ్రేష్ఠము? బెల్జియము పసుపురాయియా, జర్మనీ పలకరాయియా, జపానులోని క్యోటో రాయియా, అమెరికాలోని ఆర్కన్సా రాయియా? వాదము పైకి చిన్నది. కాని వస్తువును పేరును బట్టి ఎన్నుకొనవలెనా, పనిని బట్టి ఎన్నుకొనవలెనా అను పెద్ద ప్రశ్న దానిలో ఇమిడియున్నది. ఆ ప్రశ్నకు రాళ్ళ బజారు ఇచ్చుచున్న సమాధానము సరియైనది కాదు.

తెలుగు పల్లెలలోని ఒకప్పటి మంగలి పొదిని నేటి విద్యార్థులు చూచియుండరు. కత్తి, కత్తెర, నీళ్ళ గిన్నె, తోలుపట్టె, వీటితోపాటు నున్నని రాయి ఒకటి అందులో ఉండెడిది. కత్తిని రాతి మీద పరుండబెట్టినపుడు వెన్నును, వాదరయు రెండును రాతికి తగులును. కావున ఎంత వాలులో నూరవలెనో కత్తి వెన్నే నిర్ణయించును. రాతి మీద వాదర ముందు నడుచునట్లు నూరుదురు; తోలు మీద వెన్ను ముందు నడుచునట్లు తీయుదురు. నూరుటలోను మెట్లు కలవు. మొదట గరుకు రాయి వాదరను తీర్చును. తరువాతి రాళ్ళు ఆ గరుకు గీతలను తుడుచును. కడపటి రాయి చేయు పని మిక్కిలి స్వల్పము: అప్పటికే పదునెక్కిన అంచును చర్మము ఓర్చునంతగా సాధువు చేయుట. పదును లేని కత్తికి అది పదునీయజాలదు. ఈ సంగతి గ్రహింపక, క్రింది మెట్లలో జరిగిన లోపమునకు చివరి రాతిని నిందించి, మరియొక రాతికై పరుగిడువారు పెక్కుమంది.

పేరును బట్టి రాయిని కొను అలవాటు నేటిది కాదు. క్రీ.శ. 79లో మరణించిన రోమను పండితుడు ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ 36వ భాగమున సానరాళ్ళను గూర్చి వ్రాయుచు, నూనెతో వాడునవి, నీటితో వాడునవి అని విభజించి, క్రీటు రాయి, నాక్సస్ రాయి అని పుట్టినచోటి పేర్లతోనే వాటి తారతమ్యము చెప్పినాడు. మంగలి అంగళ్ళలో ఉమ్మితో తడిపి వాడు రాళ్ళను వేరొక తరగతిగా పేర్కొని, వాటిలో స్పెయిను రాళ్ళకు అగ్రస్థానమిచ్చినాడు. గడ్డము గీయించుకొనవచ్చినవారు ఆ ఉమ్మికి ఏమనిరో ఆయన వ్రాయలేదు.

పుట్టినచోటికి విలువ లేకపోలేదు. బెల్జియములోని ఆర్డెన్ కొండలలో, వియెల్‌సాల్మ్ పరిసరములలో దొరకు పసుపురాయిని కోటిక్యూలు అందురు; చిన్న సానరాయి అను అర్థము గల లాటిను మాట నుండి ఆ పేరు వచ్చినది. సన్నని ఈ పసుపు పొర ఊదావన్నె గల నీలిరాతితో అంటుకొని పుట్టును. నవరత్నములలోని గోమేధికము ఏ జాతిదో ఆ గార్నెట్ జాతి స్ఫటికములు, కంటికి ఆననంత చిన్నవి, ఇందులో దట్టముగా నిండియుండును. నీరు చిలికి మరియొక చిన్న రాతిముక్కతో రుద్దినచో పాలవంటి గుజ్జు లేచును. గంధపు సాన మీద చెక్క అరుగును, రాయి నిలుచును. ఇక్కడ రాయే అరిగి గంధమగును. గుజ్జు చిక్కగా నున్నపుడు విడివడిన స్ఫటికములు ఉక్కును వేగముగా తినును, కాని వాటి తాకిడికి వాదర చివర కొంత మొద్దుబారును. అందుచేత తెలిసినవారు చుక్కచుక్కగా నీరు చేర్చి గుజ్జును పలుచన చేయుచు, చివరకు వట్టి నీటితో ముగింతురు. ఒకే రాయి నడిమి రాయిగాను, కడపటి రాయిగాను పనిచేయుచున్నదన్నమాట. ఇంకొక చిత్రము కలదు. ఈ స్ఫటికములు సుమారు 5 మొదలు 20 మైక్రానుల పరిమాణము గలవి. ఆ కొలత మాత్రమే చూచినవాడు ఇది క్షౌరపు కత్తికి తగిన రాయి అనుకొనడు. కాని అవి పలు ముఖములతో గుండ్రదనమునకు దగ్గరగా నుండుట చేత లోతైన గీత గీయవు. రేణువు కొలత రాతి పనిని చెప్పజాలదనుటకు వేరు నిదర్శనము అక్కరలేదు.

ఆర్కన్సా రాయి స్వభావము దీనికి విరుద్ధము. దానికి శాస్త్రజ్ఞులు వాడు నొవాక్యులైటు అను పేరు, లాటినులో క్షౌరపు కత్తిని తెలుపు మాట నుండి పుట్టినదే. దాదాపు అంతయు సిలికాయే. గట్టిది, గుజ్జు విడువదు. లోని సన్నని రంధ్రములు తగ్గిన కొలది దాని సాంద్రత క్వార్ట్జు సాంద్రతయగు 2.65కు చేరువగును. అమ్మకందారులు సాంద్రతను బట్టి తరగతులు ఏర్పరచుటలో న్యాయమున్నది. అయినను ముఖమును ఎంత నున్నగా తీర్చిరన్నదానిని బట్టి పదును మారును. ఒకే రాతి రెండు ముఖములు రెండు రాళ్ళవలె ప్రవర్తింపగలవు. జర్మనీలోని తురింగియా పలకరాయి కొత్తవాని చేతికి కూడ సులభముగా లొంగును. క్యోటో రాళ్ళు కోట్ల ఏండ్ల క్రిందట సముద్రగర్భమున పేరుకొన్న ఒండు నుండి ఏర్పడినవి. ఒకే గనిలో పొరపొరకు మెత్తదనము మారును.

ఇక వెల సంగతి. తురింగియా రాళ్ళలో ఎషర్ అను వర్తకసంస్థ చీటీ అంటియున్న రాతికి, చీటీ లేని అట్టి రాతికంటె ఎక్కువ ధర పలుకును. నీటిలో తడియుచు పనిచేయవలసిన రాతి మీద కాగితపు చీటీ చెక్కుచెదరక నిలిచినదనగా, అది అంతగా పనిచేయలేదని కదా అర్థము! క్యోటో రాళ్ళ మీది సిరాముద్రలదియు ఇదే కథ. ముద్రను తరువాత కూడ వేయవచ్చును. తురింగియాలో పాత తవ్వకములు ఆగిపోయినవి; క్యోటో గనులు చాలవరకు మూతపడినవి. కొరత పెరిగిన కొలది కాగితమునకు, సిరాకు వెల పెరిగినది. పనిచేయగల రాళ్ళు అద్దాల బీరువాలకు చేరుచున్నవి. ఇది దుర్వ్యయము మాత్రమే కాదు, విద్యకు చేటు. రాతి స్వభావము వ్రేళ్ళకు పట్టుబడుటకు నెలలు పట్టును. వారమునకొక రాయి మార్చువానికి ఏ రాయియు తెలియదు.

ఎన్నుకొనదలచినవాడు చూడవలసినవి వేరు. పగుళ్ళు, గీతలు గీయు గట్టి చారలు ఉండరాదు. వ్రేలితో తడిమి, పాత కత్తిని మెల్లగా నడిపించి చూచినచో అవి తెలియును. ముఖము సమతలముగా నుండవలెను, లేదా అట్లు చేసికొన వీలుండవలెను. పరిమాణము ముఖ్యము కాదు. బెల్జియము రాయిలో చదరముగా కోయుటకు రాని వంకరటింకర ముక్కలను తక్కువ వెలకు అమ్ముదురు. వాటిలోను ఉన్నవి అవే స్ఫటికములు. పరీక్ష మాత్రము నిష్ఠతో చేయవలెను. ఒకే కత్తిని ఒకే నడిమి రాతి మీద సిద్ధపరచి, ఒక్కొక్కసారి ఒక్కొక్క రాతి మీద ముగించి, ఒకే తోలు మీద తీసి, గడ్డము గీసికొని చూడవలెను. వ్రేలాడు వెంట్రుకను త్రెంచి చూపుట వేడుకగా నుండును గాని, అది పదునును చెప్పును, సాధుత్వమును చెప్పదు. మెడక్రింది చర్మము మరునాటి ఉదయము చెప్పునదే తీర్పు.

ఇంత శ్రమ ఎందుకు, కర్మాగారపు రాతిని అంకె చూచి కొనరాదా అని కొందరందురు. వారి మాట త్రోసివేయదగినది కాదు. అట్టి రాయి నేడు కొన్నదియు, మరియొకనాడు కొన్నదియు దాదాపు ఒకే తీరున పనిచేయును. లోపము తన చేతిదో, రాతిదో తెలిసికొనుటకు ఆ నిలుకడ కొలబద్ద వంటిది. కొత్తవాడు మొదట దానితో నేర్చుటయే ఉచితము. అయితే అంకె కూడ ఒక విధమైన చీటీయే. వేర్వేరు సంస్థల రాళ్ళ మీద అంకె ఒకటే అయినను పదును ఒకటి కాదు. మార్కులను మాత్రమే చూచి విద్యార్థి బుద్ధిని నిశ్చయించువారికి ఉపాధ్యాయులు ఏమి చెప్పుదురో, ఇక్కడను అదియే చెప్పవచ్చును.

ఐరోపాలో పాత సామానుల సంతలలో, చీటీ ఊడి, నడుమ పల్లమై, నూనె మరకలతో నల్లబడిన రాళ్ళు నేటికిని చవుకగా దొరకుచున్నవి. ఎవరో ఏండ్ల తరబడి దానినే నమ్మి నూరినారనుటకు ఆ పల్లమే సాక్ష్యము. అట్టి రాతి ముఖమును సమతలము చేసి, నెల దినములు వేరు రాతిని ముట్టక దానితోనే నూరి చూచుటకు కావలసిన వ్యయము స్వల్పము.