గుట్ట మీద కుళాయి, దిగువన ఆయకట్టు

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ నిలిచింది రాతిగుట్టల మీద. బోరు ఎండితే ట్యాంకరే దిక్కు. నగరంలో కుళాయి తిప్పితే వచ్చేది ఎక్కువగా మంజీరా, కృష్ణా, గోదావరి జలాలు; వాటిపై ఆశ పెట్టుకున్న రైతులూ ఉన్నారు. మంజీరాపై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను 2.75 లక్షల ఎకరాల సాగు కోసం కట్టారు. తరువాత ఎగువన సింగూరు జలాశయం వచ్చి హైదరాబాద్ దాహం తీర్చింది. వానలు తప్పిన ఏళ్లలో ఆ భారం మోసింది బోధన్, బాన్సువాడ పొలాలు.

తాగునీటికి తొలి హక్కు న్యాయమే. ఫిల్మ్‌నగర్ బస్తీలో బిందె పట్టుకున్న తల్లిది ఆ హక్కు. బంగళా పచ్చికదీ, కార్ల కడుగుడుదీ కాదు. వాటికి శుద్ధిచేసిన మురుగునీరు చాలు. పెద్ద ప్లాట్లకు, స్టూడియోలకు దాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి. సింగూరులో నగరానికెంత, ఆయకట్టుకెంత అన్నది నారు పోయకముందే రైతుకు చెప్పాలి.