పింఛను జాబితాలో లేని రెండో మనిషి గురించి ముఖ్యమంత్రి గారికి ఒక తల్లి లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి,



2024 జులై 1న మీరు పెనుమాకలో లబ్ధిదారుల గడపకు వెళ్లి పెంచిన పింఛను చేతికిచ్చారు. దివ్యాంగుల పింఛను 3 వేల నుంచి 6 వేలకు పెరిగింది. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు 5 వేల నుంచి 15 వేలయింది. ముందుగా అందుకు కృతజ్ఞతలు. మాటవరసకు చెప్పడం లేదు. డబ్బు చాలక మానిపించిన మా అబ్బాయి ఫిజియోథెరపీ, పింఛను పెరిగాకే మళ్లీ మొదలైంది.

మాది తెనాలి. మా అబ్బాయికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. వాడికి ఇరవై ఏళ్లు దాటాయి. నడవలేడు, తనంతట తాను తినలేడు, మాట స్పష్టంగా రాదు. మా మాటలు మాత్రం అన్నీ అర్థమవుతాయి. పొద్దున లేపి ముఖం కడిగించడం దగ్గర్నుంచి రాత్రి రెండుసార్లు లేచి పక్కకు తిప్పి పడుకోబెట్టడం దాకా అన్నీ నేనే చూసుకోవాలి. వాళ్ల నాన్న పనికి వెళ్లకపోతే ఇల్లు గడవదు. నేనూ పెళ్లికి ముందు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పినదాన్నే. వాడు పుట్టాక ఉద్యోగం మాటే తలవలేదు.

ప్రతి నెలా ఒకటో తారీఖున వార్డు సచివాలయంలో పనిచేసే అమ్మాయి పింఛను ఇవ్వడానికి మా ఇంటికి వస్తుంది. మర్యాద తెలిసిన పిల్ల. వేలిముద్ర యంత్రం తీస్తుంది. మా వాడి వేళ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి. ఒక్కో వేలూ మెల్లగా విప్పి, మణికట్టు గట్టిగా పట్టుకుని యంత్రం మీద ఆనించాలి. ఒకసారికి పడదు, తుడిచి మళ్లీ పెట్టాలి. ఆ వేళ్లు విప్పే మనిషి ఆ అమ్మాయి కళ్ల ముందే ఉంటుంది కానీ, ఆమె చేతిలోని జాబితాలో ఉండదు. నిరుడు వైకల్య శాతం మళ్లీ పరీక్షించాలంటే ఆటోలో ఎత్తుకెళ్లాం. డాక్టర్లు వాడి కాళ్లూ చేతులూ చూసి రాసుకున్నారు. ఇతన్ని ఎవరు చూసుకుంటారు, వాళ్ల వయసెంత, వాళ్ల ఆరోగ్యమెలా ఉంది అన్న ప్రశ్న ఆ కాగితంలో ఎక్కడా లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. పింఛను రోగికో, దివ్యాంగుడికో వస్తుంది. అది మందులకు, డయపర్లకు, ఫిజియోథెరపీకి సరిపోతే గొప్ప. వాళ్లను చూసుకోవడం కోసం సంపాదన వదులుకుని, నడుము పోగొట్టుకుని, చుట్టాల ఇళ్లలో శుభకార్యాలకు కూడా వెళ్లలేక ఇంటికే అంటిపెట్టుకున్న మనిషి ప్రభుత్వం లెక్కలో లేనే లేదు. ఇది కొత్తగా దయతో ఇవ్వమని అడిగే వరం కాదండీ, చట్టంలో ఇప్పటికే రాసి ఉన్నదే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకులంటే ఎవరో చెప్పింది. తల్లిదండ్రులైనా, ఇతర కుటుంబ సభ్యులైనా, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, దివ్యాంగులకు సేవ చేసేవాళ్లందరూ అందులోకి వస్తారు. అదే చట్టం 24వ సెక్షన్‌లో ప్రభుత్వాలు చేపట్టాల్సిన సామాజిక భద్రత పథకాల జాబితా ఉంది. అందులో దివ్యాంగుల పింఛను ఉంది. అదే జాబితాలో, ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగుల కోసం సంరక్షక భత్యం కూడా ఉంది. మొదటిదాన్ని మన రాష్ట్రం దేశమంతా చెప్పుకునేలా అమలు చేస్తోంది. రెండోదాని ఊసే లేదు. ఎవరికి ఎక్కువ సాయం కావాలో మదింపు బోర్డు పరీక్షించి తేల్చాలని 38వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం 2017 ఏప్రిల్‌లోనే అమల్లోకి వచ్చింది.

"కన్నబిడ్డను చూసుకోవడానికి కూడా ప్రభుత్వం డబ్బులివ్వాలా?" అని అడిగేవాళ్లున్నారు. ఇంట్లో ఉండే ఆడవాళ్లు ఎలాగూ చేస్తారు కదా అన్న ఆలోచన ఆ ప్రశ్న వెనక ఉంది. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు ఇదే వాదన నడిచింది. 1976లో అక్కడ సంరక్షకులకు భత్యం మొదలుపెట్టినప్పుడు పెళ్లయిన ఆడవాళ్లకు ఇచ్చేది లేదన్నారు. వాళ్లు ఎటూ ఇంట్లోనే ఉంటారన్నది కారణం. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాకీ డ్రేక్ అనే గృహిణి దాని మీద పోరాడింది. 1986 జూన్‌లో యూరోపియన్ న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. పెళ్లయిన ఆడవాళ్లకూ ఆ భత్యం దక్కింది. మన దగ్గర ఆ భత్యం ఇంకా మొదలే కాలేదు, కానీ దానికి అడ్డుపడే మాట మాత్రం అచ్చంగా అదే.

మన దేశపు లెక్కలూ ఉన్నాయి. 2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, 15 నుంచి 59 ఏళ్ల లోపు ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణలో రోజుకు సుమారు 140 నిమిషాలు గడుపుతున్నారు. మగవాళ్లలో ఆ పని చేసేది 21 శాతం మంది, వాళ్లు గడిపేది 74 నిమిషాలు. ఇది పసిపిల్లలను పెంచే ఇళ్లన్నీ కలుపుకుని తీసిన సగటు. మంచం దిగలేని మనిషి ఉన్న ఇంట్లో ఆ పనికి నిమిషాల లెక్క సరిపోదు, తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా అదే పని. ఈ చాకిరీ మేం మానేస్తే మీరు ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో మనిషి మనిషికీ ఆయాలను పెట్టాలి. అప్పుడయ్యే ఖర్చుతో పోలిస్తే మేం అడుగుతున్నది చాలా చిన్నది.

కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం ఉంది. పూర్తిగా పడకకే పరిమితమైన వాళ్లను చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు ఇస్తారు. ఆ మొత్తం చాలదు, బకాయిలు పడుతున్నాయన్న ఫిర్యాదులూ అక్కడ ఉన్నాయి. అయినా సంరక్షకులను ఒక వర్గంగా గుర్తించి, వాళ్ల పేరుతో ఒక పద్దు రాసిపెట్టారు. నెలనెలా 60 లక్షల మందికి పైగా ఒకటో తారీఖుకే ఇంటి దగ్గర పింఛను ఇస్తున్న మన రాష్ట్రానికి అంతకంటే మెరుగ్గా చేయడం కష్టం కాదు.

కాబట్టి అయ్యా, నాలుగు పనులు చేయమని కోరుతున్నాను.

మొదటిది, సంరక్షక భత్యం. 38వ సెక్షన్ ప్రకారం ఎక్కువ సాయం కావాలని తేలినవాళ్ల ఇళ్లతో మొదలుపెట్టండి. నెలకు కనీసం 3 వేలు, చూసుకునే మనిషి సొంత బ్యాంకు ఖాతాలో వేయండి. దాన్ని చూపించి దివ్యాంగుడి పింఛను తగ్గించకూడదు. దీంతోపాటు, కేంద్రంలో మీ మాట చెల్లుతుంది. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్రం ఇచ్చే పింఛను వాటా 2012 నుంచి నెలకు 300 దగ్గరే ఆగింది. దాన్ని పెంచమని ఢిల్లీలో గట్టిగా అడగండి.

రెండోది, మాకు కాస్త ఊపిరి తీసుకునే వీలు. చదువుకునే వయసు దివ్యాంగ పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. పద్దెనిమిది దాటితే వెళ్లడానికి చోటు లేదు. పోయినేడు నాకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారు. వాడిని ఎవరి దగ్గర వదలాలో తెలియక వాయిదా వేస్తూ వస్తున్నాను. ప్రతి మునిసిపాలిటీలో, మండల కేంద్రంలో, శిక్షణ పొందిన ఆయాలతో కొన్ని పడకలుండే కేంద్రం ఉంటే, ఏడాదికి ఓ పదిహేను రోజులు మా పిల్లలను అక్కడ ధైర్యంగా ఉంచగలం. దాని నిర్వహణ స్థానిక సంస్థలకు అప్పగించి నిధులు కేటాయించండి. ఇంటికి వచ్చి సాయం చేసే మనుషులను సచివాలయాల ద్వారా ఏర్పాటు చేసినా మేలే.

మూడోది, ఇల్లు. గృహ పథకాల్లో దివ్యాంగులకు 5 శాతం కేటాయించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ చెబుతోంది. కేటాయింపు ఒక్కటే చాలదు. పట్టణాల్లో ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇళ్లు, కింది అంతస్తు మీద మరో మూడు అంతస్తులుండే జీ ప్లస్ త్రీ భవనాలు. మూడో అంతస్తులో ఇల్లొస్తే, పెద్దవాడైన కొడుకును ఎత్తుకుని మెట్లు ఎక్కి దిగే శక్తి ఏ తల్లికుంటుంది? దివ్యాంగులున్న కుటుంబాలకు కింది అంతస్తు ఇళ్లే ఇవ్వండి. గుమ్మం దగ్గర ర్యాంపు, చక్రాల కుర్చీ తిరిగేంత స్నానాల గది, గోడకు పట్టుకునే కడ్డీ ఉండేలా ప్లానులోనే రాయించండి. అద్దె ఇళ్లలో ఉన్నవాళ్ల కష్టం వేరు. రాత్రుళ్లు కేకలు పెడతాడని మా వాడిని చూసి ఇల్లు ఇచ్చేది లేదన్నవాళ్లున్నారు. అలాంటి కుటుంబాలను ఇళ్ల జాబితాలో ముందు వరసలో ఉంచండి.

నాలుగోది, మా తర్వాత వీళ్ల గతి. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఏ ఇద్దరు కలిసినా మాట చివరికి ఇక్కడికే వస్తుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఒక స్థానిక కమిటీ ఉంటుంది. చట్టబద్ధమైన సంరక్షకులను నియమించే అధికారం దానిది. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఆ కమిటీలు క్రమం తప్పకుండా కూర్చునేలా, దరఖాస్తు సచివాలయంలోనే ఇచ్చేలా చూడండి. జిల్లాకు ఒకటి రెండు చోట్లయినా, పది పదిహేను మంది కలిసి బతికే చిన్న నివాసాలు ప్రభుత్వ ఖర్చుతో కట్టించండి. ఊరికి దూరంగా పెద్ద హాస్టళ్లు వద్దు. వాళ్లకు తెలిసిన వీధులకు, తెలిసిన మనుషులకు దగ్గరగా ఉండాలి.

వీటిలో భత్యం, కింది అంతస్తు ఇళ్ల కేటాయింపు ఉత్తర్వులతో మొదలుపెట్టగలిగినవే. మిగతా రెంటికీ వచ్చే బడ్జెట్లో ఒక పద్దు కావాలి. అసెంబ్లీలో ఆ పద్దు చదివేటప్పుడు దాని ఎదుట సంరక్షకులు అన్న మాట ఉండాలని, ఆ డబ్బు ఆ ఏడాదే ఖర్చు కావాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక తల్లి,
తెనాలి.