తృప్తి చెందవలసింది ఎవరు?

ప్రభుత్వ గ్రాంటు తీసుకున్నవాళ్ళు ఎవరైనా సరే, ఏడాది తిరిగాక ఒక కాగితం మీద సంతకం పెట్టి పైకి పంపాలి. దాని పేరు వినియోగ ధ్రువపత్రం. మన రాయచూరు కచేరీల్లో కన్నడంలో హణ బళకె ప్రమాణపత్ర అంటారు, నోటిమాటగా అందరూ యు.సి. అనే అంటారు. కేంద్రం ఇచ్చిన గ్రాంటుకైతే 12-ఎ అని అచ్చువేసిన నమూనా కూడా వుంది. ఏ షరతుల మీద డబ్బు మంజూరయిందో ఆ షరతులన్నీ నెరవేరాయని నేను తృప్తి చెందాను అని ఖర్చుపెట్టినవారే అందులో రాసివ్వాలి. బాగానే వుంది. కాని ఆ డబ్బు ఎవరి పేరు చెప్పి తెచ్చారో వాళ్ళు తృప్తి చెందారా అని అడిగే గడి ఆ నమూనాలో లేదు. నా తగువంతా ఆ లేని గడి గురించే.

కథలూ కవితలూ వేసుకునే పత్రికలో ఖజానా నియమాల గొడవేమిటని కొందరు మిత్రులు ముక్కు విరుస్తారని తెలుసు. అయ్యా, తెలుగు బడి మూతపడితే మనం కవిత రాస్తాం, సభ పెట్టి కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఆ బడికి గది మంజూరయిందా, ఎంత మంజూరయింది, ఏ పద్దు కింద వచ్చింది, ఎక్కడ ఆగింది అని మాత్రం అడగం. మాన్వి, సింధనూరు వైపు ఎడమ కాలువ క్యాంపుల్లో రోడ్డు, సముదాయ భవనం, అంగన్‌వాడీ, నీళ్ళ ట్యాంకు అన్నీ ఏదో ఒక గ్రాంటు మీద వచ్చినవే, లేదా రావలసినవే. మన బతుకులో సగం గ్రాంట్ల పద్దుల్లో వుంది. ఆ పద్దులు చదవడం మనకు నామోషీ అయితే, చదివేవాళ్ళకు అది భలే సౌకర్యం.

నియమాలు మారడం లేదా అంటే మారుతూనే వున్నాయి. కేంద్రం వారి సాధారణ ఆర్థిక నియమాలు 1947లో వచ్చాయి. 1963లో తిరగరాశారు, ఆ తర్వాత నలభై రెండేళ్ళకు 2005లో, మళ్ళీ 2017లో. రాష్ట్రం సంగతి ఇంకా విచిత్రం. మనం హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి వచ్చిపడింది 1956లో. రెండేళ్ళకు, 1958లో, ఒక ఆర్థిక సంహిత తయారైంది. రాష్ట్రం పేరు మారింది, మన జిల్లాలోంచి కొప్పళ విడిపోయింది, ఖజానా కంప్యూటర్లలోకి ఎక్కింది, సంహిత మాత్రం అతుకుల మీద అతుకులతో అదే నడుస్తోంది.

2017 నియమాల్లో మంచి మాటలు లేకపోలేదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా యు.సి. రావాలన్నారు. గ్రాంటు డబ్బు బ్యాంకులో వుండి వడ్డీ పుట్టితే ఆ వడ్డీ కూడా ప్రభుత్వానిదే అన్నారు. రూపాయి ఢిల్లీలో బయలుదేరి ఏ ఖాతాలో దిగిందో కంప్యూటరులో కనిపించే ఏర్పాటు చేశారు. వీటిలో దేన్నీ నేను కాదనను. అయితే నియమాన్ని ఎన్నిసార్లు దిద్దినా చూపు ఒకవైపే వుంది, పైకి. తాలూకా జిల్లాకు చెప్పుకోవాలి, జిల్లా బెంగుళూరుకు, బెంగుళూరు ఢిల్లీకి. కిందికి చెప్పుకోవలసినవాడు ఒక్కడూ లేడు.

ఆడిట్ వుందిగా అంటారు. వుంది. కాగ్ విధులను నిర్ణయించే 1971 చట్టం తీసి చూడండి. 14వ సెక్షన్ ప్రకారం ఒక సంస్థకు ఏడాదిలో 25 లక్షలకు తక్కువ కాకుండా గ్రాంటో అప్పో అంది, అది ఆ సంస్థ మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా వుంటే కాగ్ దాని జమాఖర్చులు చూస్తారు. కోటికి తగ్గకుండా వుంటే గవర్నరు అనుమతితో శాతం లెక్క లేకుండానే చూడవచ్చు. ఆ 25 లక్షల గీత 1984 సవరణలో గీసింది. అప్పటి 25 లక్షలకూ ఇప్పటి 25 లక్షలకూ పోలికేమిటో రాయచూరు బజారులో ఎవరినడిగినా చెబుతారు.

అసలు తమాషా 15వ సెక్షన్‌లో వుంది. ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం గ్రాంటు ఇచ్చినప్పుడు, షరతులు నెరవేరాయని ఇచ్చిన అధికారి ఏ పద్ధతిలో తృప్తి చెందాడో ఆ పద్ధతిని కాగ్ పరిశీలించాలట. ఇచ్చినవాడు దేన్ని చూసి తృప్తి చెందుతాడు? యు.సి.ని చూసి. యు.సి. అంటే ఏమిటి? ఖర్చుపెట్టినవాడు తాను తృప్తి చెందానని రాసిచ్చిన కాగితం. ఒకరి తృప్తి మీద ఇంకొకరి తృప్తి, ఆ తృప్తి సవ్యంగా వుందో లేదో చూడడానికి మూడోవారు. లెక్కల పుస్తకాలు తిరగేసే హక్కు ఆ మూడోవారికి వుంది, నిజమే. రాష్ట్రం మొత్తం మీద ఎన్ని పుస్తకాలు తిరగేయగలరు? కాగ్ నివేదికల్లో రావలసిన యు.సి.లు ఇన్ని వందల కోట్లకు రాలేదు అనే పేరా ఏటా వస్తూనే వుంటుంది. రాని కాగితం గురించి అంత దిగులు పడతారు, వచ్చిన కాగితం నిజమా అన్న దిగులు అందులో పదో వంతు కనబడదు.

ఇప్పుడు మన సొంత సంగతికి వద్దాం. 2002లో నంజుండప్ప సంఘం రాష్ట్రంలో 39 తాలూకాలు అత్యంత వెనుకబడినవని తేల్చింది. అందులో 21 ఈ హైదరాబాదు-కర్ణాటక ప్రాంతానివే. పట్టికలో అన్నిటికన్నా అడుగున వున్నది మన దేవదుర్గ. పదహారేళ్ళ తర్వాత, 2018లో, కేంద్రం ఆకాంక్షిత జిల్లాలని ఒక జాబితా చేస్తే కర్ణాటక నుంచి చేరినవి రెండే: రాయచూరు, యాదగిరి. ఈ రెండింటి మధ్య కాలంలో రాజ్యాంగమే మారింది. 2012 నాటి 98వ సవరణతో 371-జె అధికరణం వచ్చింది, 2013లో గవర్నరు ఉత్తర్వుతో కలబురగిలో అభివృద్ధి మండలి వెలిసింది, 2019లో ప్రాంతానికి కల్యాణ కర్ణాటక అని నామకరణం కూడా జరిగింది. మండలికి ఏటా 1500 కోట్లన్నారు, 2022-23లో 3000 కోట్లన్నారు, 2023-24 బడ్జెట్‌లో 5000 కోట్లన్నారు.

ఇంత డబ్బుకు రాజ్యాంగం పెట్టిన లెక్క ఏమిటి? మండలి పనితీరు మీద ఏటా ఒక నివేదిక శాసనసభ ముందుంచాలి. అంతే. శాసనసభ ముందుంచిన కాగితం దేవదుర్గ తాలూకా గ్రామసభకు రావాలని ఎక్కడా లేదు. దేవదుర్గ పేరు చెప్పి తెచ్చిన డబ్బు లెక్క దేవదుర్గకు తప్ప అందరికీ చెప్పాలి!

దీనికి తోడు ఇంకో సందు వుంది. టెండర్ల పారదర్శకత కోసం రాష్ట్రం 1999లో ఒక చట్టం చేసింది, మంచి చట్టమే. అందులో 4(జి) అనే క్లాజు కింద ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి ఫలానా పనికి టెండరు అక్కరలేదనవచ్చు. మన వూళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ ల్యాండ్ ఆర్మీ అని పిలిచే ప్రభుత్వ సంస్థకో, నిర్మితి కేంద్రానికో పని నేరుగా అప్పగించడం మనమంతా ఎరిగిన పద్ధతే. ఆ సంస్థలన్నీ చెడ్డవని నేననడం లేదు. టెండరు అనే ఒక తలుపు మూసినప్పుడు, గ్రామసభ అనే ఇంకో తలుపు తెరవాలి కదా అంటున్నాను.

పెద్ద చేతికి ఇంత వెసులుబాటు వుంటే చిన్న చేతికి బేడీలు. ఒక తెలుగు సంఘం ఉగాది కవిసమ్మేళనానికో, వేమన జయంతికో లక్ష రూపాయల సాయం అడిగిందనుకోండి. 1960 నాటి సొసైటీల చట్టం కింద నమోదు పత్రం కావాలి, ఆడిట్ చేయించిన లెక్కలు కావాలి, కేంద్రం దగ్గరకైతే దర్పణ్ నెంబరు కావాలి, టీ బిల్లుకు రసీదు కావాలి. కార్యదర్శి పాపం రిటైరయిన పంతులుగారు. కవుల్ని పిలవడానికి పట్టిన రోజులకన్నా చార్టర్డ్ అకౌంటెంటు చుట్టూ తిరిగిన రోజులెక్కువ. లెక్క చెప్పడం తప్పని అనను, మన సంఘాల్లోనూ లెక్క చెప్పనివాళ్ళున్నారు. కాని లక్షకూ వంద కోట్లకూ ఒకే నమూనా కాగితం పెట్టి, మొదటివాణ్ణి బిల్లుబిల్లుకూ నిలదీసి రెండోవాడి దగ్గర సంతకంతో సరిపెట్టుకోవడం న్యాయమా? అమెరికావారు 2024లో తమ గ్రాంటు నియమాలు దిద్దుకున్నప్పుడు, ఏటా సమగ్ర ఆడిట్ చేయించి తీరవలసిన సంస్థల గీతను ఏడున్నర లక్షల డాలర్ల నుంచి పది లక్షలకు జరిపారు. చిన్నవాళ్ళ మెడ మీద భారం కొంత దిగింది. మనమూ ఆ గీత జరపవచ్చు. జరిపి, మిగిలిన ఆడిటర్లను పెద్ద పనుల మీదికి పంపవచ్చు.

జనం ముందు లెక్క చదవడం జరిగే పనేనా అని సందేహించేవారు రాష్ట్ర సరిహద్దు దాటి చూడండి. 1956 దాకా మన జిల్లాలోనే వుండిన గద్వాల, ఆలంపూరు తాలూకాల్లో మన చుట్టాలున్నారు, వాళ్ళనడగండి సామాజిక తనిఖీ అంటే ఏమిటో. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు తనిఖీ హక్కు ఇస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి దాన్ని నిజంగానే చేసి చూపించారు. 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. కూలి కుటుంబాల పిల్లలకే శిక్షణ ఇచ్చి మస్టర్లు చేతికిచ్చారు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, నీ పేరున ఇన్ని రోజులు పని రాసివుంది, చేశావా, డబ్బు అందిందా అని అడిగారు. చచ్చిపోయినవాళ్ళు చెరువు తవ్వినట్టు, వూళ్ళో లేనివాళ్ళు కూలి తీసుకున్నట్టు అప్పుడు బయటపడింది. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే చదివారు. తిన్న డబ్బంతా తిరిగి వచ్చిందా అంటే రాలేదు, చాలా తక్కువే వచ్చింది. అయినా ఆ పద్ధతి చూసే 2011లో కేంద్రం దేశమంతటికీ తనిఖీ నియమాలు చేసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరొకటి తెచ్చింది, అది ఇంకో తగువు. పద్ధతి మాత్రం చదువురాని కూలివాడు కూడా ఆడిటరు కాగలడని రుజువు చేసింది.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే జమాబందీ వుంది. నిజాం కాలపు రెవిన్యూ మాట అది, మన తాతలకు దాని పేరు వింటేనే గుబులు. 1993 పంచాయతీరాజ్ చట్టం కింద కర్ణాటక ఆ మాటకు కొత్త అర్థమిచ్చింది: ఏటా పై అధికారి పంచాయతీకి వచ్చి జనం ఎదుట లెక్కలు చూడాలి, పనుల్ని కళ్ళారా చూడాలి. ఎంత చక్కని నియమం! పంచాయతీ వేయించిన మోరీకి జమాబందీ వుంది. అదే వీధిలో మండలి డబ్బుతో వేసిన సిమెంటు రోడ్డుకు లేదు. ఎందుకు లేదు అంటే అది పంచాయతీ డబ్బు కాదు కనుక. వీధి పంచాయతీదే, నడిచేది పంచాయతీ జనమే, డబ్బు మాత్రం కలబురగిది.

ఇక భాష. ఇక్కడే మనవాళ్ళు గొంతు తగ్గిస్తారు, కన్నడ నాట వుంటూ ఇలా అడగవచ్చా అని. కన్నడం ఈ రాష్ట్ర అధికార భాష, అది మనం నేర్చుకోవలసిందే, మన పిల్లలు నేర్చారు కూడా. కాని లెక్క కన్నడంలో కూడా కాదు, చాలాసార్లు ఇంగ్లీషు సంక్షిప్తాల్లో వుంటుంది. అది కన్నడ రైతుకూ అర్థం కాదు, తెలుగు రైతుకూ అర్థం కాదు. కనుక ఇది కన్నడంతో పోటీ కాదు. 1961 ముఖ్యమంత్రుల సమావేశం జిల్లాలో గానీ అంతకన్నా చిన్న ప్రాంతంలో గానీ అల్పసంఖ్యాక భాషవారు 15 నుంచి 20 శాతం వుంటే ముఖ్యమైన ప్రకటనలు వాళ్ళ భాషలోనూ వేయాలని ఒప్పుకుంది. మన క్యాంపుల్లో కొన్ని ఆ లెక్కకు ఎన్నో రెట్లు పైనే. ఒక పని ఎంతకు మంజూరయిందో, ఎవరికి అప్పగించారో, ఎప్పటికి పూర్తి కావాలో, ఈ మూడు వాక్యాలు కన్నడంలోనూ తెలుగులోనూ గోడ మీద రాయడానికి రంగు డబ్బా ఖర్చు తప్ప ఏమీ లేదు. నేను పైన చెప్పిన 2024 సవరణల్లోనే అమెరికావారు గ్రాంటు పత్రాలు ఇంగ్లీషు కాక వేరే భాషల్లోనూ ఇచ్చుకోవచ్చని వెసులుబాటు కల్పించుకున్నారు.

లెక్కలు నిపుణుల పని, జనం చేతికిస్తే రాజకీయం అవుతుంది, పని ఆలస్యమవుతుంది అనేవారున్నారు. పెద్దమనుషులే, మాటా కొంత నిజమే. గ్రామసభలో పార్టీల గొడవ వుంటుంది. అయితే సిమెంటు పాళ్ళు ఆడిటరు ఏడాది తర్వాత బెంగుళూరులో కూర్చుని చూస్తాడా, పోస్తున్నప్పుడు పక్కింటివాడు చూస్తాడా? నిపుణుడి లెక్క తీసేయమని ఎవరూ అనలేదు. పనులు జరిగిన గ్రామసభలో లెక్క చదివి, అభ్యంతరాలు రాసుకుని, ఆ అభ్యంతరాల నకలు జతచేయని యు.సి. చెల్లదని 1958 సంహితలో ఒక్క వాక్యం చేర్చమంటున్నాం. మండలి నివేదిక శాసనసభకు వెళ్ళిన నెల రోజుల్లో తాలూకావారీ పనుల పట్టిక ప్రతి పంచాయతీకీ రావాలని ఇంకో వాక్యం. చిన్న సంఘాలకు ఒక పేజీ నమూనా చాలని మూడో వాక్యం.

నియమం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ ఫిర్యాదైనా ఏ అధికారికైనా రాష్ట్రంలో వాడుకలో వున్న ఏ భాషలోనైనా ఇచ్చుకోవచ్చు. తెలుగులో రాయవచ్చు. తెలుగు రాదు, కన్నడంలో తెమ్మని కచేరీలో తిప్పి పంపితే ఆ అధికరణం సంఖ్య కాగితం పైనే వేయండి. వచ్చే జమాబందీ నాటికి ప్రతి క్యాంపు నుంచీ ఒక అర్జీ వెళ్ళాలి: మా పంచాయతీ హద్దుల్లో అయిదేళ్ళుగా మండలి డబ్బుతో చేసిన పనుల పేర్లు, మొత్తాలు, ఎవరికి అప్పగించారు, యు.సి. మీద సంతకం ఎవరిది. నకలు ఒకటి మన పత్రికకు పంపండి, వచ్చిన జవాబులు, రాని జవాబులు కూడా, తాలూకావారీగా అచ్చువేద్దాం.